నాలుగుసార్లు గ్యాస్ పట్టించినా నాన్నగారి కారు చల్లబడడం లేదు

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె తండ్రిగారు 2007లో కొన్న కారు, ఆయన పోయిన తరువాత ఆమె చేతికి వచ్చింది. ఇంజిను బాగానే ఉంది, బాడీకి తుప్పు లేదు, బండి ఎక్కడా దారిలో ఆగిపోలేదు. ఇబ్బందంతా ఏసీతోనే. వారానికి రెండుసార్లు తల్లిగారిని వైద్యానికి తీసుకువెళ్లాలి, ఆవిడ ఎండకు తట్టుకోలేరు. అందుకని పోయిన ఏడాది మొదట్లో ఒకసారి గ్యాస్ పట్టించారు, ఎనిమిది నెలలు చల్లగా వచ్చింది. రెండోసారి పట్టిస్తే అయిదు నెలలు వచ్చింది. మూడోసారి ఆరు వారాలకే గాలి వేడెక్కింది. నాలుగోసారి పట్టించి ఇరవై రోజులైంది, అప్పుడే చల్లదనం తగ్గుతున్నట్టు అనిపిస్తోందట. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు ఫరవాలేదు, ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం వెంటనే వేడి గాలి వస్తోంది. బానెట్ ఎత్తి చూస్తే కంప్రెసర్ దగ్గర 'టక్ టక్'మని శబ్దం ఆగుతూ మొదలవుతూ ఉంది. గాలి విసురు మాత్రం తగ్గలేదు.

ఒక మెకానిక్ కంప్రెసర్ పోయిందన్నాడు. ఇంకొకరు కూలింగ్ కాయిల్ కారుతోంది, డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలన్నారు. నాలుగోసారి గ్యాస్ నింపినతను వాక్యూమ్ పెట్టి, అంటే పంపుతో లోపలి గాలినంతా లాగేసి, పీడనం చూపే గేజి ముల్లు కదలకుండా నిలబడింది కాబట్టి లీకే లేదని తేల్చేశాడు. తమ్ముడు, లీకును పూడ్చే మందు కలిపిన చిన్న గ్యాస్ డబ్బా తెచ్చి ఇంట్లోనే నింపేస్తానంటున్నాడు. ఆమె భర్త, ఇంత పాత బండి మీద ఇంకా పెట్టడం దండగ, అమ్మేద్దామంటున్నారు. 'అమ్మేద్దామన్నప్పుడల్లా నాన్న గుర్తుకొచ్చి ఏడుపొస్తోంది, అట్టే పెట్టుకుందామంటే అమ్మ చెమటలు చూడలేకపోతున్నాను, వీళ్లలో ఎవరి మాట వినను?' అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఇద్దరు మెకానిక్‌ల తీర్పులు ఉన్నాయి, ఒకరి ధైర్యం ఉంది, ఇంట్లో ఇద్దరి అభిప్రాయాలు ఉన్నాయి. ఒక్క అంకె మాత్రం లేదు. నాలుగుసార్లలో ఏ ఒక్కసారైనా ఎన్ని గ్రాముల గ్యాస్ నింపారో మీరు రాయలేదు. మీరు మరిచిపోయారని అనుకోను, ఎవరూ మీకు చెప్పి ఉండరు, బహుశా ఎవరూ తూచి ఉండరు. ఆ అంకె లేనంతకాలం ఎవరి మాట సరైనదో మీరే కాదు, నేనూ చెప్పలేను.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. ఏసీ గ్యాస్ పెట్రోలులాగా వాడితే ఖర్చయ్యే వస్తువు కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది, ముందువైపు ఉన్న కండెన్సర్‌లో అది వేడిని వదిలి ద్రవమవుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటగానే పీడనం పడిపోయి, డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న కూలింగ్ కాయిల్‌లో మరిగి, లోపలి గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. ఈ చక్రంలో గ్యాస్ తరిగే అవకాశమే లేదు. అయితే కారులోని అమరిక ఇంట్లో ఫ్రిజ్‌లాగా పూర్తిగా అతికి మూసినది కాదు. ఇంజిను అదురుతుంది కాబట్టి రబ్బరు గొట్టాలు పెట్టక తప్పదు, కంప్రెసర్‌ను బెల్టుతో తిప్పుతారు కాబట్టి దాని ఇరుసు బయటికి వచ్చే చోట ఒక సీలు ఉండక తప్పదు. వీటిగుండా ఏడాదికి కొద్ది గ్రాములు జారిపోవడం కొత్త కారులోనూ ఉంటుంది. పాత కారు కొన్నేళ్లకు ఒకసారి గ్యాస్ అడిగితే తప్పు పట్టనక్కరలేదు. ఆరు వారాలకు అడిగితే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే.

ఇప్పుడు మీ ఎనిమిది నెలలు, అయిదు నెలలు, ఆరు వారాల లెక్క చూద్దాం. లీకు నానాటికీ పెద్దదవుతోందని దీన్ని చూడగానే ఎవరికైనా అనిపిస్తుంది. అది నిజమే కావచ్చు. కానీ ఇంకొక అర్థం కూడా ఉంది. చిన్న, మధ్యతరహా కార్లలో మొత్తం పట్టే గ్యాస్ సాధారణంగా 400 నుంచి 700 గ్రాముల మధ్య ఉంటుంది. ఉదాహరణకు మీ బండికి 500 గ్రాములు కావాలనుకోండి. మొదటిసారి నిండా 500 పట్టించి, చల్లదనం తగ్గేనాటికి 150 గ్రాములు పోయాయనుకుంటే, నెలకు 20 గ్రాములకు కాస్త తక్కువ కారుతున్నట్టు. మూడోసారి అసలు 380 గ్రాములే నింపి ఉంటే, అదే వేగంతో కారినా ఆరు వారాలు దాటగానే వేడి గాలి రావలసిందే. అంటే లీకు పెరగకుండానే, సగం సగం నింపడం వల్ల కూడా మీ లెక్క ఇలా ఉండవచ్చు. మొదటిది నిజమైతే ఎక్కడో అతుకు పగులుతూ వస్తోంది, వెంటనే చూడాలి. రెండోది నిజమైతే నెమ్మదైన లీకు ఒకటి ఉంది, దానికి తోడు సరిగా నింపనివారు దొరికారు. రెండింటికీ మందు వేరు, ఖర్చూ వేరు.

మెకానిక్ గేజి చూసే నింపాడు కదా అని మీరు అడగవచ్చు. ఇంట్లో వంటగ్యాస్ సిలిండరు సంగతి తలచుకోండి. నిండుగా ఉన్నప్పుడూ, పావు వంతు మిగిలినప్పుడూ మంట ఒకేలా వస్తుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండరును కదిపి బరువు చూస్తాం గాని మంటను చూసి చెప్పలేం. లోపల కొంచెమైనా ద్రవం మిగిలి ఉన్నంతసేపు పీడనం పరిమాణాన్ని బట్టి కాక ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. మీ కారు కాలానికి వాడుకలో ఉన్న ఆర్-134ఎ గ్యాస్, బండి ఆగి ఉన్నప్పుడు, 30 డిగ్రీల వద్ద గేజి మీద దాదాపు 6.7 బార్లు (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత), ఇంకో కొలతలో 97 పీఎస్‌ఐ చూపుతుంది. లోపల 200 గ్రాములున్నా అంతే, 500 ఉన్నా అంతే. బండి నడుస్తున్నప్పుడు గేజి కొంత చెబుతుంది, కాని ఆ అంకె బయటి ఎండను బట్టి, ఇంజిను వేగాన్ని బట్టి, ఫ్యాను ఎంత బాగా తిరుగుతోందన్న దాన్ని బట్టి మారుతూ ఉంటుంది. అందుకే జబ్బు కనిపెట్టడానికి గేజి వాడాలి, గ్యాస్ నింపడానికి తూకం వాడాలి. ఎంత నింపాలో కంపెనీవారు బానెట్ కింద అంటించిన చీటీ మీదే గ్రాములలో రాసి ఉంటుంది, ఏ రకం గ్యాసో కూడా దాని మీదే ఉంటుంది. ఆ చీటీ ఊడిపోతే బండి మాన్యువల్‌లో వెతకండి.

వాక్యూమ్ నిలబడింది కాబట్టి లీకు లేదన్న మాటను కూడా నమ్మవద్దు. అతను అబద్ధం చెప్పాడని నేననను, ఆ పరీక్షకు ఉన్న పరిమితిని గమనించలేదు. వాక్యూమ్ పెట్టినప్పుడు బయటి నుంచి లోపలికి ఒత్తేది మహా అయితే ఒక్క బార్ పీడనం. బండి నడుస్తుంటే కండెన్సర్ వైపు లోపలి నుంచి బయటికి తోసేది 15 బార్లు, ఎండలో ఇంకా ఎక్కువ. ఒక బార్‌కు లొంగని సన్నని చీలిక పదిహేను బార్లకు ఎందుకు లొంగదు? పైగా కొన్ని సీళ్లు వాక్యూమ్‌లో లోపలికి అతుక్కుని మూసుకుంటాయి, పీడనం వచ్చాకే వదులవుతాయి. వాక్యూమ్ పెట్టేది ప్రధానంగా లోపలి గాలిని, తేమను తీసివేయడానికి. పీడనం బాగా తగ్గిస్తే నీరు మామూలు ఉష్ణోగ్రతకే మరిగి ఆవిరై పంపులోకి పోతుంది. అందుకు కనీసం అరగంటైనా పంపు నడవాలి, పాత బండికైతే ఇంకొంచెం ఎక్కువసేపు నడవడం మంచిది. అయిదు నిమిషాల వాక్యూమ్‌తో సరిపెట్టేవారి దగ్గర బండిని వదలకండి.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసిన వాక్యం ట్రాఫిక్ గురించి రాసినది. వేగంగా పోతుంటే చల్లగా వచ్చి, ఆగితే వేడెక్కే బండిలో గ్యాస్ కంటే ముందు అనుమానించవలసినది గాలి. పరుగెత్తుతున్నప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లారుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాను ఒక్కటే చేయాలి. పదేళ్లు దాటిన బండ్లలో ఫ్యాను మోటారు అరిగి నెమ్మదించడం, రెండు వేగాలున్న ఫ్యానులో పెద్ద వేగం పని చేయకపోవడం, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న సందులో దుమ్ము, ఆకుల పొడి, పురుగులు గడ్డకట్టి గాలిని ఆపేయడం సర్వసాధారణం. గ్యాస్ తక్కువైనా ఆగినప్పుడే ముందుగా బయటపడుతుంది కాబట్టి ఇది ఫ్యానేనని నేను ప్రమాణం చేయలేను. అయినా దీన్ని ముందు చూడమనడానికి ఇంకొక కారణం ఉంది. కండెన్సర్ చల్లారకపోతే లోపలి పీడనం పెరుగుతుంది, పీడనం పెరిగితే ఉన్న లీకు మరింత వేగంగా కారుతుంది, కంప్రెసర్ సీలు మీద భారం పడుతుంది. ఫ్యాను సంగతి చూడకుండా గ్యాస్ నింపుతూ పోతే, కొంత లీకును మీరే పెంచి పోషిస్తున్నట్టు అవుతుంది.

ఈ పరీక్షకు మెకానిక్ అక్కరలేదు. నీడలో బండి ఆపి, ఇంజిను నడుస్తుండగా ఏసీ వేసి, బానెట్ ఎత్తి, చీర చెంగు గాని చున్నీ గాని దరిదాపులకు పోకుండా ఒద్దికగా పట్టుకుని చూడండి. ఏసీ వేసిన కాసేపటికి ఫ్యాను గట్టిగా తిరగడం మొదలవ్వాలి. ముందువైపు జాలీ సందుల్లోంచి కండెన్సర్‌ను చూడండి, రెక్కలు మట్టితో మూసుకుపోయాయా, వంగిపోయాయా? శుభ్రం చేయాలంటే ఇంజిను చల్లారాక మామూలు నీటి గొట్టంతో మెల్లగా కడగాలి, వాహనాలు కడిగే అధిక పీడనపు ధారతో కొడితే ఆ పలుచని అల్యూమినియం రెక్కలు మడతపడి ఉన్న గాలి కూడా ఆగిపోతుంది. ఇక ఆ 'టక్ టక్' శబ్దం కంప్రెసర్ క్లచ్‌ది, అంటే బెల్టుతో తిరిగే పుల్లీకి కంప్రెసర్‌ను కలిపి విడిచే భాగానిది. లోపల తగినంత చల్లబడ్డాక అది మధ్యమధ్య విడిచి మళ్లీ పట్టడం మామూలే. లోపల చల్లబడకుండానే కొన్ని సెకండ్లకు ఒకసారి పడుతూ లేస్తూ ఉంటే, పీడనం మరీ పడిపోయినప్పుడు కంప్రెసర్‌ను కాపాడడానికి ఆపేసే స్విచ్చు తన పని తాను చేస్తోందని అర్థం. అది గ్యాస్ తక్కువైందనడానికి తరచుగా కనిపించే గుర్తు. ఆ స్విచ్చుకు వైరు కలిపి దాటవేసి 'ఇప్పుడు ఆగకుండా నడుస్తుంది చూడండి' అనేవారు కొందరు ఉంటారు. అలా నడిపితే కంప్రెసర్ నిజంగానే పోతుంది, ఎందుకంటే దానికి కావలసిన నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది, గ్యాస్ లేకపోతే నూనె తిరిగి రాదు.

కంప్రెసర్ అన్న మెకానిక్, కూలింగ్ కాయిల్ అన్న మెకానిక్, ఇద్దరిలో ఎవరు సరి అన్నది వాదనతో తేలేది కాదు, చూపించమంటే తేలుతుంది. గ్యాస్ కారిన చోట నూనె కూడా కారుతుంది, నూనె మీద దుమ్ము అంటుకుని నల్లని జిడ్డు మరక ఏర్పడుతుంది. కంప్రెసర్ సీలు కారుతుంటే క్లచ్ చుట్టూ, దాని ఎదురుగా బానెట్ లోపలి వైపు నూనె చిమ్మిన గీత కనిపిస్తుంది. కాయిల్ కారుతుంటే పైకి ఏమీ కనబడదు. అప్పుడు ఇంజిను ఆపి కొంతసేపు ఉంచి, ఏసీ నీరు కారే గొట్టం చివర లీకును పసిగట్టే పరికరాన్ని పెట్టాలి. ఆర్-134ఎ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువైనది కాబట్టి కాయిల్ దగ్గర కారినది కిందికి దిగి ఆ గొట్టంలోకే వస్తుంది. లేదా గ్యాస్‌తో పాటు మెరిసే రంగు కలిపి, కొన్నాళ్లు నడిపాక అతినీలలోహిత దీపం వేసి చూస్తే, కారిన చోట పసుపుపచ్చగా వెలుగుతుంది. ఈ రెండింటిలో ఏదీ చేయకుండా డ్యాష్‌బోర్డు విప్పుదామంటే ఒప్పుకోవద్దు. కంప్రెసర్ విషయంలోనూ ఒక తేడా గమనించండి. సీలు కారడం వేరు, కంప్రెసర్ లోపల అరిగి పీడనం పెంచలేకపోవడం వేరు. మూడోసారి నింపాక కూడా ఆరు వారాలు చల్లగా వచ్చిందంటే మీ కంప్రెసర్ ఇంకా నొక్కగలుగుతోందన్నమాట, దాన్ని చచ్చినదానికింద జమకట్టడం తొందరపాటు.

ఈ రెండింటి గొడవలో పడి అతి చిన్నవాటిని వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. గ్యాస్ నింపే రెండు ముఖాల లోపల సైకిల్ ట్యూబు పిన్నులాంటి చిన్న పిన్నులు ఉంటాయి, వాటి మీద ప్లాస్టిక్ మూతలు ఉంటాయి. నాలుగుసార్లు గొట్టాలు బిగించి విప్పిన తరువాత ఆ పిన్నులు కారడం మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు. మూత కూడా దుమ్ము పడకుండా పెట్టిన అలంకారం కాదు, దాని లోపలి రబ్బరు ఉంగరం రెండో కాపలా. మీ బండికి ఆ మూతలు ఉన్నాయో లేదో ఈరోజే చూడండి. ఆ తరువాత అనుమానించవలసినవి గొట్టాల అతుకుల దగ్గరి ఓ-రింగులు. వేడికి ఎండి గట్టిపడిపోయిన ఆ రబ్బరు ఉంగరాలు మార్చడం చిన్న పని. ఆ తరువాత కండెన్సర్, రాళ్లు తగిలేది, మట్టి నీరు పడి తినివేసేది దాన్నే. కాయిల్‌ను అన్నిటికంటే చివర పెట్టడానికి కారణం అది కారదని కాదు, తప్పయితే నష్టం ఎక్కువని.

ఇక మీ ముందున్న దారులు, వాటిలో ఒక్కొక్కటి ఎక్కడికి తీసుకువెళుతుందో చెబుతాను.

మొదటిది, ఉన్న గ్యాస్‌ను యంత్రంతో బయటికి తీయించి, తూచి, లీకు పట్టించి, బాగుచేయించి, తిరిగి తూకంతో నింపించడం. తీసిన గ్యాస్ బరువే మీకు దొరికే మొదటి సాక్ష్యం. ఇరవై రోజుల్లో ఎంత మిగిలిందో తెలుస్తుంది. మొన్న ఎంత నింపారో తెలియదు కాబట్టి ఈసారికి లీకు వేగం కచ్చితంగా తేలకపోయినా, ఇకముందు లెక్కకు అదే మొదలు. ఖాళీ చేశాక పొడి నైట్రోజన్‌ను 10 బార్ల చుట్టుపక్కల ఎక్కించి, ప్రతి అతుకు మీద సబ్బు నురగ రాసి చూడాలి. మామూలు గాలి పంపుతో ఆ పని చేయనివ్వవద్దు, గాలిలో తేమ ఉంటుంది, పైగా మిగిలిన ఆర్-134ఎ పీడనం కింద గాలితో కలిస్తే అంటుకునే ప్రమాదం ఉంది. లీకు దొరికి, గొట్టాలు విప్పినప్పుడు డ్రయర్ కూడా మార్చమనండి, అది తేమను పీల్చే చిన్న డబ్బా, బయటి గాలికి కొన్ని గంటలు తెరిచి ఉంటే దాని పని అయిపోయినట్టే. పోయిన నూనెను అదే రకంతో, కొలిచి పోయాలి. కొత్త భాగం వేస్తే అందులో ఎంత పోయాలో కంపెనీ లెక్క ఉంటుంది. ఈ దారికి ఒకేసారి ఎక్కువ ఖర్చు, బండి రెండు మూడు రోజులు ఇంటికి రాకపోవడం తప్పవు. నిజంగానే కాయిల్ అని తేలితే డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు, పాత ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని విరుగుతాయి, తరువాత గతుకుల్లో కిర్రుమనే చప్పుళ్లు కొన్ని మిగులుతాయి. అంత విప్పినప్పుడు ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను కూడా మార్పించండి, రెండోసారి అదంతా విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. ఒకవేళ కంప్రెసర్ లోపల అరిగి లోహపు పొడి రాలిందని తేలితే ఖర్చు చాలా పెరుగుతుంది, ఎందుకంటే ఆ పొడి కండెన్సర్ సన్నని నాళాల్లో చేరితే కడిగినా పోదు, దాన్నీ మార్చాలి. ఆ మాట తేలిన రోజున ఆగి మళ్లీ లెక్క వేసుకునే హక్కు మీకు ఉంది, పని మొదలుపెట్టకముందే అలా అని మెకానిక్‌తో చెప్పి ఉంచండి.

రెండోది, లీకుతో సర్దుకుపోవడం. దీన్ని నేను చిన్నచూపు చూడను. తూచి నింపితే ఒక ఎండాకాలమంతా వచ్చే బండికి, ఏటా వేసవి ముందు ఒకసారి తూకంతో గ్యాస్ పట్టించుకుంటూ మూడు నాలుగేళ్లు నడుపుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. నిజంగా ఆరు వారాలకే ఖాళీ అవుతుంటే మాత్రం ఇది కుదరదు. గ్యాస్‌తో పాటు నూనె కూడా పోతూ ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు, చివరికి కంప్రెసర్ బిగుసుకుపోతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆర్-134ఎ ఓజోన్ పొరకు హాని చేయదు గాని, వంద ఏళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1430 రెట్లు బలమైనది. మీ బండి నుంచి 400 గ్రాములు గాలిలో కలిస్తే అది 570 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో దీన్ని వాడనివ్వకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు కొత్త కార్లలో వచ్చే ఆర్-1234వైఎఫ్‌ను మీ బండిలో నింపమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది వేరు, దాని నూనె, ముఖాలు వేరు.

మూడోది మీ తమ్ముడి డబ్బా. అతని ఉద్దేశం మంచిదే, కాని మీ బండికి ఇది అన్నిటికంటే ఖరీదైన దారి అయ్యే ప్రమాదం ఉంది. లోపల ఎంత మిగిలిందో తెలియకుండా పైన పోస్తే ఎక్కువైందో తక్కువైందో ఎలా తెలుస్తుంది? ఎక్కువైతే చల్లదనం పెరగదు, తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది, ద్రవం కంప్రెసర్‌లోకి వెళ్లి వాల్వులను విరగ్గొట్టగలదు. లీకు పూడ్చే మందు సంగతి ఇంకా చెడ్డది. చాలా రకాలు గాలి, తేమ తగిలిన చోట గట్టిపడేలా తయారుచేసినవి. నాలుగుసార్లు అరకొరగా వాక్యూమ్ పెట్టిన మీ బండి లోపల కూడా తేమ ఉండే అవకాశం ఉంది కాబట్టి, అది లీకు దగ్గరే కాక ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర కూడా గట్టిపడవచ్చు. ఒకసారి ఆ మందు వేశారని తెలిస్తే, తమ యంత్రం పాడవుతుందని చాలా వర్క్‌షాపులవారు మీ బండి నుంచి గ్యాస్ తీయడానికి ఒప్పుకోరు. చవకగా దొరికే కొన్ని డబ్బాల్లో మండే హైడ్రోకార్బన్ వాయువులు ఉంటాయి, మీ అమ్మగారు కూర్చునే గదిలోకి అవి కారడం ఊహించుకోండి. నకిలీ గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ కలపడం కూడా జరిగింది, అది అల్యూమినియంతో చర్య జరిపి గాలి తగిలితే అంటుకునే పదార్థాలను పుట్టిస్తుంది. ఇంత చెప్పినా అతను పట్టుబడితే, మందు లేని శుద్ధమైన గ్యాస్ మాత్రమే తెమ్మనండి, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకొమ్మనండి, డబ్బాను తూకం మీద పెట్టి, లావు గొట్టం మీద ఉన్న తక్కువ పీడనపు ముఖంలోనే కొద్దికొద్దిగా ఎక్కించమనండి. ఇంజిను నడుస్తుండగా సన్న గొట్టం వైపు పెడితే ఎదురుపీడనానికి డబ్బా పేలగలదు. నన్ను అడిగితే, అతని ఉత్సాహాన్ని కండెన్సర్ కడగడానికి, ఫ్యాను పరీక్షించడానికి వాడుకోండి.

నాలుగోది మీ వారి మాట, అమ్మేయడం. ఈ విషయంలో ఆయనను తప్పుపట్టలేను, ఆయన చూస్తున్నది నాలుగుసార్లు వృథా అయిన డబ్బు. కాని ఆ నాలుగుసార్లూ మీరు పెట్టినది మరమ్మతు మీద కాదు, మరమ్మతును వాయిదా వేయడం మీద. దాన్ని చూపి బండి విలువ తేల్చడం న్యాయం కాదు. ఇంజిను, బాడీ బాగున్నాయని మీరే రాశారు. లీకు పట్టించే పరీక్ష వరకు ఖర్చు పెట్టి, ఆ తరువాత వచ్చే అంచనాను, బండి మీద ఇంకో మూడేళ్లకు మీరు పెట్టుకున్న ఆశను పక్కపక్కన పెట్టి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఓ-రింగులో, కండెన్సరో అయితే ఆయన కూడా అభ్యంతరం చెప్పరని నా నమ్మకం. కాయిలూ కంప్రెసరూ రెండూ పోయాయని తేలితే ఆయన వాదానికి బలం వస్తుంది, అప్పుడు అమ్మినా నాన్నగారికి ద్రోహం చేసినట్టు కాదు. కొనేవారికి ఏసీ సంగతి దాచకుండా చెప్పండి. ఒకవేళ బండి ఉంచుకుని ఏసీ మాత్రం మానేద్దామనుకుంటే, ముఖాలూ అతుకులూ మూసే ఉంచండి, విప్పి వదిలేస్తే తేమ చేరి రేపు బాగుచేయించుకుందామన్నా వీలుండదు. ఏసీ వేయకపోయినా కంప్రెసర్ పుల్లీ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దాని బేరింగు అరిచిన రోజున పట్టించుకోక తప్పదు.

ఈ ఉత్తరం చదివేవారిలో మీకంటే పాత బండ్లవారు కూడా ఉంటారు కనుక ఒక్క మాట. 1990ల మధ్య వరకు తయారైన చాలా కార్లలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరను తినివేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో దాని తయారీ క్రమంగా ఆగిపోయింది. అటువంటి బండిలో నేరుగా ఆర్-134ఎ నింపకూడదు. పాత ఖనిజ నూనె దానితో కలవదు కాబట్టి నూనె, డ్రయర్, ఓ-రింగులు, గ్యాస్ ముఖాలు మార్చి, పాత లెక్క కంటే కొంత తక్కువ నింపాలి. మీది 2007 బండి కాబట్టి మీకు ఈ బాధ లేదు.

నేనైతే ఈ వరసలో వెళతాను. ఈ వారంలో మూతలు, ఫ్యాను, కండెన్సర్ చూస్తాను. ఆ తరువాత గ్యాస్ తీసి తూచే యంత్రం, నైట్రోజన్ రెండూ ఉన్న వర్క్‌షాపును ఫోనులోనే అడిగి కనుక్కుంటాను, 'ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని గ్రాములు నింపారు, ఎంత నూనె పోశారు' అన్నది బిల్లు మీద రాసి ఇస్తారా అని కూడా అడుగుతాను. ఇవ్వలేమంటే ఇంకోచోటికి వెళతాను. బండి బాగయ్యాక చలికాలంలోనూ నెలకు రెండుసార్లు పది నిమిషాలైనా ఏసీ వేస్తాను, నూనె తిరగక సీలు ఎండిపోకుండా ఉండడానికి.

అంతవరకు అమ్మగారి ప్రయాణాల మాట. ఎండలో నిలిచిన బండి ఎక్కగానే అద్దాలన్నీ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి, లోపలి వేడి గాలి పోయాక అద్దాలు ఎత్తి, లోపలి గాలినే తిప్పే మీట వేయండి. బయటి గాలిని పదేపదే చల్లబరచవలసిన పని తప్పుతుంది కాబట్టి ఉన్న కొద్ది గ్యాస్‌తోనే ఎక్కువ చల్లదనం దక్కుతుంది. వీలైతే ఆ రెండు రోజులూ ఎండ ముదరకముందే చేరేలా సమయం అడిగి తీసుకోండి. క్లచ్ మరీ గబగబా కొట్టుకుంటుంటే ఏసీ ఆపేసి బ్లోయర్ మాత్రం వేసుకోండి, బండి వర్క్‌షాపులో ఉన్న రెండు మూడు రోజుల్లో వైద్యానికి వెళ్లే రోజు పడకుండా చూసుకోండి. గ్యాస్ తీసిన రోజున యంత్రం మీద కనబడిన అంకెను, బానెట్ కింద చీటీ మీది అంకెను రాసి పంపితే, ఆ లీకు గురించి ఇంతకంటే నిక్కచ్చిగా మాట్లాడగలను.